ఫోను మోగింది సరే, మోగించిందెవరు?

మీ ఇంట్లో ఎన్ని ఫోను నంబర్లున్నాయో ఒకసారి లెక్క పెట్టండర్రా. అమ్మకొకటి, నాన్నకి ఆఫీసుదీ సొంతదీ కలిపి రెండు, అన్నయ్యకి రెండు, నానమ్మ దగ్గర బటన్ల ఫోనులో ఒకటి. అరడజను తేలుతాయి. ఇప్పుడు ఈ మాట వినండి. 1994లో కేంద్ర ప్రభుత్వం మొదటి జాతీయ టెలికాం విధానం ప్రకటించింది. అప్పటికి దేశంలో నూటికి 0.8 ఫోను ఉందని అందులోనే రాసుకుంది. అంటే వందమందిని వరసగా నిలబెడితే వాళ్లందరికీ కలిపి ఒక్క ఫోను కూడా పూర్తిగా రాదు. ఉన్న లైన్లు సుమారు 80 లక్షలు. డబ్బు కట్టి, ఎప్పుడొస్తుందో తెలియక కాచుకు కూర్చున్నవాళ్లు ఇంకో 25 లక్షల మంది.

పై ఊరివాళ్లతో మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చెయ్యాలి. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని మూడు రకాలు. లైట్నింగుకి ఆర్డినరీ మీద ఎనిమిది రెట్లు కట్టాలి. ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే తప్ప ఆ మాట ఎత్తేవాళ్లం కాదు. ఆ తర్వాత పై ఊళ్లకి నేరుగా నంబరు తిప్పి మాట్లాడే ఎస్టీడీ బూత్‌లు వీధి వీధికీ వచ్చాయి. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గుతుందని జనం అప్పటిదాకా ఆగి వరస కట్టేవాళ్లు. లోపల మీటరు మీద ఎర్ర అంకెలు పరుగెడుతుంటే చెప్పదలుచుకున్న మాట సగం మరిచిపోయి బయటికొచ్చేవాళ్లు.

ఇవాళ దేశంలో మొబైల్ కనెక్షన్లు నూరు కోట్లు దాటాయి. ముప్ఫై ఏళ్లలో ఇంత మార్పు ఎవరి పుణ్యం? ఇంజనీర్లను అడగండి, సాంకేతిక విజ్ఞానం అంటారు. కంపెనీలను అడిగితే మా పెట్టుబడి అంటాయి. ఢిల్లీలో అడిగితే మా విధానం అంటారు. ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. ఎవరిది ఎంత అన్నదే అసలు ప్రశ్న. దీన్ని రాజకీయ నాయకులకీ వకీళ్లకీ వదిలేస్తున్నాం కానీ, నా దృష్టిలో ఇది నిఖార్సయిన సైన్సు ప్రశ్న. ఒక చట్టం పనిచేసిందా లేదా అన్నది కూడా మందు పనిచేసిందా లేదా అన్నట్టే తేల్చి చూడవలసిన సంగతి.

ఎలా తేలుస్తారంటారా? వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఎరువుని పరీక్షించే తీరు చూడండి. పక్కపక్కనే రెండు మళ్లు తీసుకుంటారు. అదే నేల, అదే నీరు, అదే విత్తనం. ఒక మడిలో ఎరువు వేస్తారు, రెండోదాన్లో వెయ్యరు. కోతకొచ్చాక రెండింటి దిగుబడీ తూచి, తేడా ఎంతో అంత ఎరువు గొప్ప అంటారు. ఒక్క మడే ఉండి అది బాగా పండితే, వాన మంచిదా ఎరువు మంచిదా ఎవరు చెప్పగలరు? దేశం విషయంలో చిక్కంతా ఇక్కడే ఉంది. మనకి ఇండియా ఒక్కటే ఉంది. 1999లో వచ్చిన కొత్త టెలికాం విధానం రాని ఇండియా ఇంకొకటి ఎక్కడా లేదు, పక్కన పెట్టి పోల్చడానికి.

కానీ ఒక్కోసారి చరిత్రే రెండో మడిని మన ముందు పెడుతుంది. మన పొరుగునే ఉన్న మయన్మార్ సంగతి చూడండి. అక్కడ చాలాకాలం ఫోన్లన్నీ ప్రభుత్వం చేతిలోనే ఉండేవి. ఒక సిమ్ కార్డుకే వందల డాలర్లు పొయ్యాలి, అంతకు కొన్నేళ్ల ముందయితే వెయ్యి డాలర్లకు పైమాటే. 2013లో నార్వే నుంచి టెలినార్‌కీ ఖతార్ నుంచి ఊరెడూకీ లైసెన్సులిచ్చారు. 2014లో ఆ రెండూ సేవలు మొదలుపెట్టాయి. సిమ్ ధర 1500 చాట్‌లకి, అంటే సుమారు డాలరున్నరకి దిగింది. టవరు, సిమ్, చేతిలో ఫోను అప్పటికే చుట్టుపక్కల దేశాలన్నిటా ఉన్నవే. కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. మారింది నియమం ఒక్కటే. అందుకే ధర పడిపోయిన ఘనతలో పెద్ద వాటా విధానానిదే అని ధైర్యంగా చెప్పొచ్చు. అదే దేశంలో 2021లో సైన్యం అధికారం లాక్కుని ఇంటర్నెట్ కట్టేసింది, మరుసటి ఏడు టెలినార్ అమ్మేసుకుని వెళ్లిపోయింది. నియమంతో వచ్చింది నియమంతోనే పోగలదు.

ఇక మన సంగతికి వద్దాం. 1995 జూలై 31న కలకత్తా రైటర్స్ బిల్డింగ్ నుంచి ముఖ్యమంత్రి జ్యోతి బసు ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అదే దేశంలో తొలి మొబైల్ కాల్. అప్పట్లో రద్దీ వేళల్లో నిమిషానికి 16 రూపాయల దాకా పడేది. ఇంకో విడ్డూరం, మనకి ఎవరైనా ఫోన్ చేసినా మనమే డబ్బు కట్టాలి. అందుకని జేబులో ఫోను మోగితే నంబరు చూసుకుని నొక్కేసి, దగ్గర్లో ల్యాండ్‌లైను వెతుక్కునేవాళ్లు.

ఆ రోజుల్లో టెలికాం శాఖే విధానం రాసేది, అదే లైసెన్సులిచ్చేది, అదే ఫోన్లూ నడిపేది. ప్రైవేటు కంపెనీకీ శాఖకీ తగువొస్తే తీర్పు చెప్పేదెవరు? అందుకే 1997లో చట్టం చేసి ట్రాయ్ అనే నియంత్రణ సంస్థను పెట్టారు. 2000లో తగువులు తీర్చడానికి విడిగా ట్రిబ్యునల్, ఫోన్లు నడపడానికి విడిగా బీఎస్ఎన్ఎల్ వచ్చాయి. ఎవరి పని వారికి పంచడం చాలామందికి కాగితాల వ్యవహారంగా కనిపిస్తుంది. కానీ అప్పటిదాకా పెట్టుబడి పెట్టేవాడికి ఉన్న పెద్ద భయం దాంతోనే తగ్గింది.

అంతకన్నా పెద్ద మలుపు 1999 విధానం. మొదట్లో కంపెనీలు వేలంలో పోటీపడి ఏటా ఇంత కడతామని భారీ మొత్తాలకు ఒప్పుకున్నాయి. కనెక్షన్లు అనుకున్నంత రాలేదు. టవర్లకి పెట్టాల్సిన డబ్బు లైసెన్సు ఫీజుకే పోయింది, బ్యాంకులు అప్పివ్వడానికి జంకాయి. 1999లో ఆ పద్ధతి తీసేసి, వచ్చిన ఆదాయంలో ఇంత శాతం వాటా ప్రభుత్వానికి కట్టమన్నారు. ఆదాయం పెరిగితేనే ఫీజు పెరుగుతుంది. కంపెనీలకి ఊపిరాడింది. ఆ ఏడు మార్చికి దేశం మొత్తం మీద మొబైల్ కనెక్షన్లు 12 లక్షలు. 2003 మార్చికి 1.3 కోట్లు. 2010 మార్చికి 58 కోట్లు. 2010 నాటికి నూటికి 15 ఫోన్లు చేరాలని 1999 విధానం పెట్టుకున్న గురి. ఆ ఏడు వచ్చేసరికి 50 దాటిపోయాం.

2003 ఇంకో ఘట్టం. ఆ ఏడాదే ఇన్‌కమింగ్ ఉచితమయింది. దీని వెనక కిటుకు చెబుతాను. మీరు ఒక కంపెనీ ఫోను నుంచి ఇంకో కంపెనీ ఫోనుకి చేస్తే ఆ కాల్ రెండు నెట్‌వర్కులు దాటాలి. రెండోవాడు తన టవరు, తన తీగ వాడనిచ్చినందుకు కూలి అడుగుతాడు. అదివరకు ఆ ఖర్చును ఫోను ఎత్తినవారి దగ్గరే వసూలు చేసేవాళ్లు. ఇకమీదట కాల్ చేసినవాడి కంపెనీ కాల్ అందుకున్న కంపెనీకి చెల్లించాలని ట్రాయ్ నియమం పెట్టింది. 2004లో అది నిమిషానికి 30 పైసలు. తర్వాత 20, 14, 6 పైసలకి దిగి, 2021 జనవరి 1 నుంచి సున్నా అయింది. ఆ పైసలు ఎవరు ఎవరికి ఇవ్వాలన్న నియమం మారాక కూరగాయల బండివాడూ ఆటో డ్రైవరూ మేస్త్రీ ఫోను కొనగలిగారు. తాము ఎవరికీ కాల్ చెయ్యకపోయినా జనం తమని పిలవగలిగితే చాలు, పని దొరుకుతుంది.

ఇక్కడ కాస్త ఆగండి. 2003 మార్చిలో 1.3 కోట్లున్నవి ఏడాది తిరక్కుండా రెండింతలు దాటాయి. ఇదంతా ఇన్‌కమింగ్ ఉచితం చెయ్యడం వల్లే అనొచ్చా? అనకూడదు. అదే ఏడాది రిలయన్స్ చవక హ్యాండ్‌సెట్లతో రంగంలోకి దిగింది. నవంబరులో ల్యాండ్‌లైనుకీ మొబైల్‌కీ కలిపి ఒకే లైసెన్సు తెచ్చారు. మూడూ ఒక్కసారి వచ్చిపడ్డాయి. ఏది ఎంత చేసిందో విడదియ్యడం కష్టం. విధానాల గురించి గొప్పలు చెప్పుకునేవాళ్లూ తిట్టేవాళ్లూ సాధారణంగా దాటేసే మాట ఇదే.

జరగనిదాన్ని ఊహించి లెక్క కట్టడం ఎంత జారుడు వ్యవహారమో 2జీ కేసు చూస్తే తెలుస్తుంది. 2008లో వేలం లేకుండా, 2001 నాటి ధరకే 122 లైసెన్సులు ఇచ్చేశారు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తన నివేదికలో ఖజానాకి నష్టం 1.76 లక్షల కోట్ల దాకా ఉండొచ్చని అంచనా వేసింది. ఆ అంకె ఊరూవాడా మోగిపోయింది. 2010లో జరిగిన 3జీ వేలం ధరనే దీనికీ పెట్టి చూస్తే వచ్చిన అంకె అది. అదే నివేదికలో వేరే పద్ధతులతో కట్టిన లెక్కలు 57 వేల కోట్ల నుంచీ ఉన్నాయి. సీబీఐ తన అభియోగపత్రంలో వేసిన అంచనా సుమారు 31 వేల కోట్లు. సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరి 2న ఆ 122 లైసెన్సులూ రద్దు చేసింది. క్రిమినల్ కేసులో 2017 డిసెంబరులో ప్రత్యేక కోర్టు నిందితులందరినీ విడిచిపెట్టింది. ఇచ్చిన పద్ధతి తప్పన్నది సుప్రీంకోర్టు తేల్చిన సంగతి. నష్టం ఎంతన్నది మాత్రం ఏ రెండో మడితో పోలుస్తున్నారన్న దాన్నిబట్టి మారిపోయింది. పెద్ద అంకె ఎక్కడ వినబడినా, దేనితో పోల్చి చెబుతున్నారని అడగడం అలవాటు చేసుకోండి నాన్నా.

నియమంలో మాట స్పష్టంగా లేకపోయినా చేటే. ఆదాయంలో వాటా అన్నారు సరే, ఆదాయం అంటే ఏది? ఫోన్ల మీద వచ్చిందేనా, బ్యాంకు వడ్డీ, అద్దెలు కూడానా? ఈ ఒక్క ప్రశ్న మీద ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిచింది. 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపు తీర్పిచ్చింది. అన్నేళ్ల బకాయిలు, వడ్డీ, జరిమానా ఒక్కసారి కంపెనీల నెత్తిన పడ్డాయి. 2021లో ప్రభుత్వమే ఇకముందుకి నిర్వచనం మార్చి, బకాయిలు కట్టడానికి గడువిచ్చింది. తర్వాత వొడాఫోన్ ఐడియాలో బకాయిల కింద వాటాలు తీసుకుని అందరికన్నా పెద్ద వాటాదారయింది.

ఇప్పుడు మీ చేతికి ఒక చిన్న లెక్క ఇస్తాను, కాగితం తీసుకోండి. రంగంలో పోటీ ఎంతుందో కొలవడానికి ఆర్థిక శాస్త్రవేత్తలు వాడేది. ఒక్కొక్క కంపెనీ వాటా శాతాన్ని దానితో దాన్నే గుణించండి, వచ్చినవన్నీ కూడండి. ఒకే కంపెనీ ఉంటే నూరు నూర్లు, 10,000. పది కంపెనీలు సమానంగా పంచుకుంటే పది పదులు వంద చొప్పున మొత్తం 1000. మన మొబైల్ రంగంలో ఇప్పుడు జియోకి సుమారు 40, ఎయిర్‌టెల్‌కి 33, వొడాఫోన్ ఐడియాకి 18, బీఎస్ఎన్ఎల్‌కి 8 అనుకుని వేసి చూడండి. 3000 దాటుతుంది. అమెరికా ప్రభుత్వ మార్గదర్శకాల్లో 1800 దాటిన రంగాన్ని పోటీ బాగా కుదించుకుపోయినదిగా చూస్తారు. 2010 ప్రాంతాల్లో మన దగ్గర డజనుకి పైగా కంపెనీలుండేవి. అది మరీ ఎక్కువే, ఉన్న స్పెక్ట్రం, అంటే ఫోన్లు నడిచే రేడియో తరంగాలు, ముక్కలైపోయి ఎవరికీ చాలలేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ధరలు కూలాయి. 2014లో ఒక జీబీ డేటాకి 260 రూపాయలకు పైన పడేది, ఇప్పుడు పది రూపాయల దరిదాపుల్లో దొరుకుతోంది. చిన్న కంపెనీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, లేదా పెద్దవాటిలో కలిసిపోయాయి. 2024 జూలైలో మూడు ప్రైవేటు కంపెనీలూ రోజుల తేడాతో రీచార్జి ధరలు పెంచాయి. చవక డేటా ఎంత నిజమో, ఎంచుకునే దారి ఇరుకవడమూ అంతే నిజం. రెండూ పక్కపక్కన రాయని లెక్క సగం లెక్కే.

అంకెలకి అందని సంగతి ఇంకొకటి ఉంది. చట్టం పుస్తకంలో ఒకలా, అమల్లో ఇంకోలా ఉండొచ్చు. కొలంబోలోని లిర్న్ఏషియా అనే పరిశోధన సంస్థ దీనికి ఒక పద్ధతి పెట్టింది. రంగంలోకి కొత్తవారు రాగలుగుతున్నారా, స్పెక్ట్రం లాంటి అరుదైన వనరులు సరిగా పంచుతున్నారా, ఒకరి నెట్‌వర్కును ఇంకొకరు వాడనిస్తున్నారా, పెద్దవాడు చిన్నవాణ్ణి తొక్కుతుంటే ఆపుతున్నారా, ధరలు, నాణ్యత, మారుమూలలకు సేవ ఎలా చూస్తున్నారు అని ఏడు విషయాల మీద ఆ దేశంలో సంగతి తెలిసినవాళ్ల చేత ఐదుకి మార్కులు వేయించింది. కంపెనీలవాళ్లనీ, బయటి విశ్లేషకులనీ, పత్రికలూ ప్రజాసంఘాలవాళ్లనీ విడివిడిగా అడిగింది. ఇవి అభిప్రాయాలే. అయినా కాగితం మీది నియమం నేల మీద ఎలా నడుస్తోందో తెలుసుకోవడానికి ఇంతకన్నా సూటి మార్గం నాకు కనిపించలేదు.

నన్ను ఎక్కువగా బాధించేది సగటు లెక్క. ట్రాయ్ ప్రకటించే ఫోన్ల సాంద్రత సిమ్‌లను లెక్కపెడుతుంది, మనుషుల్ని కాదు. పట్టణాల్లో అది నూటికి 120కి పైన, పల్లెల్లో 60 దగ్గర. ఇద్దరి దగ్గర మూడేసి సిమ్‌లుండి నలుగురికి ఒక్కటీ లేకపోయినా సగటున తలా ఒకటి! ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విడిపోయి ఇన్నేళ్లయినా టెలికాం లైసెన్సు లెక్కల్లో రెండూ కలిపి ఇప్పటికీ ఒకే సర్కిల్. హైదరాబాదు హైటెక్ సిటీ టవర్లూ, పాడేరు మన్యంలో గుట్టెక్కితే తప్ప సిగ్నలు అందని గూడేలూ ఒకే అంకెలో కలిసిపోతాయి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో ఇంకో ప్రశ్న వేసింది: మీరు ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అని. దేశంలో ఆడవాళ్లలో నూటికి 33 మంది వాడామన్నారు. తెలంగాణలో 26.5, ఆంధ్రప్రదేశ్‌లో 21. ఊరికి ముగ్గురు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లను అమెరికా పంపామని చెప్పుకునే మనం, ఆడవాళ్ల విషయంలో దేశం సగటుకన్నా కిందున్నాం. టవరు వెయ్యడంతో విధానం పని తీరిపోదని చెప్పడానికి నాకు ఈ అంకె చాలు.

నాణ్యతలోనూ ఇదే సగటు జబ్బు. కాల్ మధ్యలో తెగిపోతే ఒక్కోదానికి రూపాయి చొప్పున, రోజుకి మూడు దాకా వాడకందారుకి ఇవ్వాలని 2015లో ట్రాయ్ నియమం పెట్టింది. 2016 మేలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. సర్కిల్ మొత్తం మీద సగటున నూటికి రెండు కాల్స్ తెగినా ఫరవాలేదని ట్రాయ్ ప్రమాణమే ఒప్పుకుంటుంటే, ఆ లోపల ఉన్న కంపెనీకి ప్రతి కాల్‌కీ శిక్ష ఎలా వేస్తారన్నది వాదన. 2024లో ట్రాయ్ కొత్త నియమాలు తెచ్చింది. నాణ్యత లెక్కలు మూడు నెలలకోసారి కాకుండా నెలనెలా ఇవ్వాలి. ఎక్కడ ఏ సిగ్నలుందో చూపే పటాలు కంపెనీలు తమ వెబ్‌సైట్లలో పెట్టాలి. ఒక జిల్లాలో 24 గంటలు దాటి నెట్‌వర్కు పడిపోతే పోస్ట్‌పెయిడ్ వారికి బిల్లులో తగ్గించాలి, ప్రీపెయిడ్ వారికి గడువు పెంచాలి. సర్కిల్ నుంచి జిల్లాకి దిగాం. మంచి అడుగు. ఇంకా మండలానికి దిగాలి.

ఏ నియమమైనా పెట్టేముందు ట్రాయ్ సంప్రదింపుల పత్రం విడుదల చేస్తుంది. పనంతా బాహాటంగా జరగాలని దాని చట్టమే చెబుతుంది. ఆ పత్రానికి ఎవరైనా జవాబు రాయొచ్చు, లాయరు అక్కర్లేదు. 2015లో ఇంటర్నెట్ అందరికీ ఒకేలా ఉండాలా అన్న పత్రానికి పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. 2016 ఫిబ్రవరి 8న, వెబ్‌సైటుని బట్టి డేటాకి వేరువేరు ధరలు పెట్టకూడదని ట్రాయ్ ఉత్తర్వు ఇచ్చింది. కాబట్టి కాలేజీలో ఉన్న పిల్లలకి ఒక పని చెబుతాను. మీ ఊళ్లో ఏ వీధిలో, ఏ వేళ సిగ్నలు పోతోందో తేదీలతో సహా నోటుపుస్తకంలో రాసిపెట్టండి. మీ అమ్మమ్మ, మేనత్త, పక్కింటి పిన్ని సొంతంగా ఫోను వాడుతున్నారో లేదో అడిగి తెలుసుకోండి. కంపెనీ పెట్టిన పటంలో మీ ఊరికి ఏ రంగు వేశారో చూసి, మీ లెక్కతో పోల్చండి. తేడా కనిపిస్తే వచ్చే పత్రానికి జవాబుగా ఆ లెక్క ట్రాయ్‌కి పంపండి.